పాత కారు రంగు

అంబాసిడర్ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. మన సంఘంలో ఇంకా ఒకటి తిరుగుతోంది. దానిది పాతకాలపు పెయింటు, పైన క్లియర్ కోటు లేదు. పాలిష్‌తో రుద్దితే గుడ్డకు అంటేది మురికి ఒక్కటే కాదు, రంగు కూడా. రుద్దేకొద్దీ పలచబడి, చివరికి రేకు బయటపడుతుంది. వ్యాక్స్ అలా కాదు. రంగును అరగదీయదు, మీద నిలిచి ఎండనూ వాననూ కాస్త ఆపుతుంది. అందుకే దుమ్ము కడిగి, నీడలో, పలచగా పూస్తున్నాం. కొన్ని నెలలకు మళ్లీ పూస్తాం.

ఇళ్లలో పెద్దవాళ్లను సరిచేయాలని మనం మాటలతో రుద్దుతున్నాం. మెరుపు సంగతేమో గాని, ఉన్న కాస్త ఓపికా అరిగిపోతోంది. వారికి కావలసింది గద్దింపు కాదు, కప్పే ప్రేమ. అదీ ఒక్కసారి పూస్తే చాలదు. ఈ వారం వారి దగ్గర కాసేపు కూర్చుందాం.