రాత్రి లేని ఊరు

మా ఒంటిమిట్టలో కోదండరాముని కల్యాణం పగలు జరగదు. పున్నమి ముంగిట, రాత్రివేళ, పండువెన్నెలలో జరుగుతుంది. ఆ వెన్నెలలో పెరిగిన నేను, వెన్నెలకు తావే లేని ఒక ఊరిలో ఒక జూన్ రాత్రి మేలుకొని ఉన్నాను.

ఆ ఊరి పేరు హామర్‌ఫెస్ట్. నార్వే ఉత్తరపు కొసన, 70వ అక్షాంశం దాటిన చేపల రేవు. మా ఊరు 14 దాటి కొద్దిగా పైన. మే నడుమ నుంచి జూలై చివరి దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు. నవంబరు చివరి నుంచి రెండు నెలలు ఉదయించడు. నడిరేయి పచ్చని ఎండలో రేవు మెట్లపై కూర్చుంటే, నిద్ర కన్నా ముందు కాలం మీద నమ్మకం పోతుంది.

ఆ తీరాలలో కాడ్ చేపను ఉప్పు వేయకుండానే కొయ్య పందిళ్ళకు వేలాడదీసి చలిగాలికి ఎండబెడతారు. మా వైపు కరువాడు ఎండకు ఎండుతుంది. అక్కడ చలికి ఎండుతుంది. 1961లో కట్టిన అక్కడి చర్చికి కూడా ఆ చేపల పందిరి ఆకారమే ఇచ్చారు. అన్నం పెట్టినదానినే గుడిగా మలచుకున్నారన్నమాట.

అయితే నన్ను నిలిపివేసింది చర్చి కాదు, శ్మశానం పక్కనున్న చిన్న ప్రార్థనామందిరం. 1944లో వెనుదిరుగుతున్న జర్మన్ సైన్యం ప్రజలను బలవంతంగా తరలించి, ఊరంతా తగులబెట్టింది. మిగిలిన కట్టడం అదొక్కటే. యుద్ధం ముగియగానే, అప్పుడే రావద్దని ప్రభుత్వం వారిస్తున్నా, జనం తిరిగి వచ్చారు. బూడిద మీద గుడిసెలు వేసుకొని మళ్ళీ మొదలుపెట్టారు.

ఆ సంగతి తలచుకుంటూ ఉండగానే ఫోను మోగింది. నాకు రాత్రి ఒంటిగంటన్నర. ఊళ్ళో తెల్లవారుజాము అయిదు.

"ఏంరా అబ్బోడా, మిద్దెకు బేరం వచ్చింది. ఏం చెప్పమంటావు?" అన్నాడు చిన్నాయన.

నాయన పోయాక తాళం వేసిన మట్టిమిద్దె అది. అమ్మేయమని నేనే చెప్పి ఉన్నాను. అయినా మాట పెగలలేదు. వీళ్ళ ఇళ్ళను శత్రువు కాల్చాడు. నా ఇంటినెవరూ కాల్చలేదు. నేనే ఒక్కొక్క వానాకాలమూ కురవనిచ్చాను.

చిన్ననాడు నాయన చెప్పిన వావిలకొలను సుబ్బారావుగారు గుర్తుకొచ్చారు. శిథిలమవుతున్న మా గుడి కోసం ఆయన టెంకాయచిప్ప పట్టుకొని భిక్షమెత్తారు. నిలబెట్టాలనుకున్నవాడికి చిప్ప చాలింది. నాకు జీతం ఉండీ చాలలేదు.

"ఈ తూరికి ఆపు చిన్నాయనా. నేనొచ్చి చూస్తా," అన్నాను.

"ఎప్పుడొస్తావు?"

"కల్యాణానికి."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చౌడు తోలించి పెడతాలే," అని ఫోను పెట్టేశాడు.

మరుసటి చైత్రంలో వెళ్ళాను. మిద్దె మీద చౌడు పోయించాము. రాత్రి కల్యాణం చూసి వచ్చి, ఆ మిద్దెపైనే చాప వేసుకొని పడుకున్నాను. ఇల్లు ఇంకెన్నాళ్ళు నిలుస్తుందో, నేనెన్నిసార్లు రాగలనో తెలియదు. ఆ రాత్రి మాత్రం చీకటి ఉంది, అందులో వెన్నెల ఉంది. చాలాకాలానికి హాయిగా నిద్ర పట్టింది.