చెంచాడు మందు

మా అమ్మాయి నాలుగో తరగతి. పోయిన నెల స్కూల్లో ఒక సైంటిస్టు గురించి పోస్టర్ చేసి తెమ్మన్నారు. లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలన్నీ తిరగేసి, "అమ్మా, ఇండియాలో సైంటిస్టులు లేరా?" అంది. సి.వి. రామన్ పేరు చెప్పాను. "ఆయన కాకుండా?" అంది. న్యూట్రిషన్‌లో బీఎస్సీ చేసినదాన్ని, చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆ రాత్రి అలమరలోంచి ఒక పాత పుస్తకం తీశాను. 'న్యూట్రిటివ్ వాల్యూ ఆఫ్ ఇండియన్ ఫుడ్స్'. పెళ్లయి డాలస్ వచ్చేటప్పుడు ఆవకాయ, కందిపొడి ప్యాకెట్ల మధ్య సర్ది తెచ్చుకున్నాను. "అక్కడ దీంతో ఏం పని?" అని మావారు నవ్వారు. రాగులు, మునగాకు, తోటకూర... మన వంటింటి సరుకుల్లో దేంట్లో ఏముందో పరీక్షించి అంకెల్లో రాసిన పుస్తకమది. వేసింది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. డిగ్రీలో ఉండగా మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లారు.

ఆ సంస్థ 1918లో కూనూరులో ఒక్క గదిలో, బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం మొదలైంది. 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. పేదవాళ్ల కంచంలో ఏముంది, ఏం లోపించింది అన్నదే వాళ్ల ప్రశ్న. జొన్నలే ప్రధానంగా తినేవాళ్లకి పెలగ్రా ఎందుకొస్తోందని డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు వెతికింది అక్కడే.

నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించేది విటమిన్-ఎ సంగతి. ఆకుకూరలు, పాలు అందని పిల్లలకు రేచీకటి వచ్చేది. ముదిరితే చూపే పోయేది. అయితే ఈ విటమిన్‌ని మన కాలేయం దాచుకోగలదు. అందుకని రోజూ ఇవ్వనక్కర్లేదు, ఏడాది దాటిన పిల్లలకు ఆరు నెలలకోసారి 2 లక్షల యూనిట్ల మందు చెంచాతో పోస్తే చాలు. ఈ సంస్థ పరిశోధన ఆధారంగానే 1970లో భారత ప్రభుత్వం ఆ కార్యక్రమం మొదలుపెట్టింది. మా ఊరి అంగన్‌వాడీలో నర్సమ్మ ముందు వరసలో నిలబడి నేనూ నోరు తెరిచినదాన్నే. చెంచా శాశ్వత పరిష్కారం కాదనీ, కంచంలోకి ఆకుకూర రావాలనీ మాకు పాఠంలోనే చెప్పారు.

తార్నాక నుంచి తిరిగొస్తూ, పైచదువు చదివి అక్కడే చేరాలనుకున్నాను. తర్వాత పెళ్లి, డిపెండెంట్ వీసా, ఇద్దరు పిల్లలు. ఎవరి మీదా ఫిర్యాదు లేదు. కానీ "చదివిందంతా వృథా" అని ఎవరైనా అంటే గుచ్చుకునేది. ఆ బాధకి నా చదువు ఊసే ఇంట్లో ఎత్తడం మానేశాను. ఇక మా అమ్మాయికి ఎలా తెలుస్తుంది?

మర్నాడు ఇదంతా చెప్పాను. అది అట్ట మీద పెద్ద చెంచా, పక్కన మునగ కొమ్మ గీసింది. "నేనూ ఆ మందు తాగానా?" అనడిగింది. "నీకు ఆ అవసరం రాలేదమ్మా" అన్నాను. ఆ మాట అంటుంటే గొంతు పట్టేసింది.

మీ అలమరలోనూ ఇలాంటి పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. ఒకసారి దుమ్ము దులిపి, పిల్లల ముందు తెరవండి.