తెగిన పోగు

హిందూపురం స్టేషనులో మేము రైలు దిగేసరికి ఫజ్ర్ నమాజు వేళయింది. అక్కాచెల్లెళ్లం ఇద్దరం, తోడుగా వచ్చిన తమ్ముడు, వెంట మా అమ్మాయి. అక్క కూతురే అయినా ముగ్గురికీ ఆమె 'మా అమ్మాయి'యే. డిగ్రీ ముగించిన ఆమెకు చేతిపనులపై మక్కువ. పట్టుదారం తీయడం, దూది ఏకడం, మగ్గం నేయడం తన చేతులతో చేసి నేర్చుకోవాలని ఎంతోకాలంగా అడుగుతున్నది. ఒక మంచి కుటుంబంతో నికాహ్ మాటలు నడుస్తున్నాయి. ఆ లోపే ఈ కోరిక తీర్చుదామని పది రోజుల ప్రయాణం పెట్టుకున్నాము. ఈ సీమలో ఆ విద్యలకు ప్రత్యేకంగా బడి వెతుక్కోనక్కరలేదు. పనివారి ఇళ్లే బడులు, వారే గురువులు.

హిందూపురం కర్ణాటక సరిహద్దు పట్టణం. వీధిలో నాలుగడుగులు వేస్తే తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ చెవిన పడతాయి. ఇక్కడి పట్టుగూళ్ల మార్కెట్టు పేరుపొందినది. రైతులు తెచ్చిన గూళ్లు తెల్లగా, లేత పసుపుగా కుప్పలుగా పోసి ఉన్నాయి. వేలం పాట సాగుతున్నది. పట్టణానికి చేరువలోని కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ కూడా ఉన్నది.

పట్టుపురుగు సుమారు నాలుగు వారాలు మల్బరీ ఆకు తిని, నాలుగుసార్లు కుబుసం విడిచి, ఆ పిదప తన నోటి నుండి వెలువడే దారంతో తన చుట్టూ తానే గూడు అల్లుకుంటుంది. మేలైన బైవోల్టిన్ గూటిలో ఆ ఒక్క దారమే వెయ్యి మీటర్లకు పైగా ఉంటుంది. గూళ్లను వేడినీటిలో ఉడికిస్తే జిగురు మెత్తబడి దారం కొస బయటపడుతుంది. అటువంటి సన్నని దారాలు కొన్నింటిని కలిపితేనే నేతకు పనికివచ్చే ఒక పోగు అవుతుంది.

దారం తీసే చోట మాకు పని చూపిన తల్లి చేతివేళ్లు వేడినీటికి తెల్లగా నానిపోయి ఉన్నాయి. మా అమ్మాయి కొస దొరకక విసుగు చెందితే ఆమె నవ్వింది.

"కొస దొరికిందాకా తొందరపడద్దు పాపా. దొరికినాక తెంపుకోవద్దు."

ఆ మధ్యాహ్నం మా అమ్మాయి తన మామను ఆటపట్టించింది: "ఇంత కష్టపడి తీసిన పట్టు నీకు నిషిద్ధం, నాకు ధర్మసమ్మతం కదా మామా!" స్వచ్ఛమైన పట్టును దైవప్రవక్త (స) పురుషులకు నిషేధించి స్త్రీలకు అనుమతించిన సంగతి ప్రతి ముస్లిం ఇంట్లోనూ తెలిసినదే. ధరించడం తగదన్నారే గాని, దానిని తీసి, నేసి, అమ్ముకునే చెమటను ఎవరూ తప్పుపట్టలేదు. ఈ మార్కెట్టులో గూళ్లు కొనేవారిలోనూ, దారం తీసేవారిలోనూ మన సోదరులు ఎందరో కనిపించారు.

మూడవ రోజున పెనుకొండ చేరుకున్నాము. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగర పాలకులు తమ రాజధానిని ఇక్కడికే మార్చుకున్నారు. కొండపై కోటగోడలు, కింద గగనమహలు, షేర్ ఖాన్ మసీదు నేటికీ నిలిచి ఉన్నాయి. జాతీయ రహదారి పక్కన కార్ల కర్మాగారం వచ్చిన తరువాత ఊరి నడక మారింది. అయినా పెనుకొండ పేరు చెప్పగానే సీమ ముస్లిములకు ముందుగా గుర్తుకు వచ్చేది బాబా ఫక్రుద్దీన్. బాబయ్య దర్గాగా ప్రసిద్ధమైన ఆ చోటికి దూదేకుల కుటుంబాలు తరతరాలుగా వస్తున్నాయి. మేమూ వెళ్లి, సమాధుల వద్ద పలుకవలసిన సలాం పలికి, గతించిన వారందరి మన్నింపు కోసం అల్లాహ్‌ను వేడుకున్నాము.

దూది ఏకే ముసలాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాము. పరుపులు, బొంతలు కుట్టే పని ఇప్పుడు చాలావరకు యంత్రాల పాలైంది. ఆయన మాత్రం పాత విల్లును ఇంకా దూలానికి వేలాడదీసే ఉంచాడు. మనిషి నిలువంత కర్ర, దానికి బిగించిన నరం. ఎడమచేత్తో విల్లు పట్టి, నరాన్ని దూదికి తాకించి, కుడిచేతి కొయ్యగుబ్బతో కొట్టాలి. నరం అదిరినప్పుడల్లా గడ్డకట్టిన దూది విడిపోతుంది, దుమ్ము రాలిపోతుంది, నురుగు వలె పైకి లేస్తుంది. ప్రళయదినాన పర్వతాలు ఏకిన ఉన్ని వలె అవుతాయని అల్‌ఖారిఅ సూరాలో చదువుతూ వచ్చాము. ఆ పోలికలోని భయం ఆ ముసలాయన గదిలో గాలికి ఎగిరిన దూదిని చూసినప్పుడు గాని మాకు అర్థం కాలేదు.

ఆ విల్లు శబ్దం మాకు కొత్తది కాదు. దానిని వింటూనే పెరిగాము.

"కొయ్యగుబ్బ పట్టుకోవడం మీకెవరు నేర్పినారు నాయనా?" అని ముసలాయన తమ్ముణ్ణి అడిగాడు. "మీ నాయన ఏం పని చేస్తాండె?"

"బట్టల వ్యాపారం" అన్నాడు తమ్ముడు. మేమిద్దరం తలలు వంచుకున్నాము. మా అమ్మాయి మాత్రం మా ముగ్గురి వైపు చూసి, నిదానంగా చెప్పింది: "మా తాత కూడా దూదేకేవాడు తాతా."

నిజం అదే. మా నాయన ఊరూరా విల్లు భుజాన వేసుకొని తిరిగి, ఏకి, కుట్టి మమ్మల్ని చదివించాడు. పోయే ముందు మా ముగ్గురినీ పిలిచి, "ఈ విల్లు మీకు అన్నం పెట్టింది. దీన్ని పొయ్యిలో పెట్టద్దండి" అన్నాడు. సరేనని మాట ఇచ్చాము. రెండేళ్లు తిరగకుండానే కొత్త ఇల్లు కట్టేటప్పుడు పాత సామానుతో పాటు దానిని వదిలించుకున్నాము. వియ్యమందబోయే వారు పెద్దల వృత్తి ఏమిటని అడిగినప్పుడు, తమ్ముడు ఆ ముసలాయనకు చెప్పిన మాటే వారికీ చెప్పాము.

అరబ్బీలో 'నద్దాఫ్' అంటే దూది ఏకేవాడు. మన వైపు వినిపించే 'లద్దాఫ్' ఆ మాటకు రూపాంతరమే అంటారు. అదే పనికి మరో పేరైన 'పింజారి'ని మన తెలుగులో తిట్టుగా మార్చుకున్నారు. పదిమంది పడుకునే పరుపును మెత్తన చేసినవాడి పేరు తిట్టు ఎలా అయిందో ఆలోచించేవారు అరుదు. ఉర్దూ రాదని కొందరు, తెలుగు పేర్లు కలుస్తాయని కొందరు దూదేకులవారిని చిన్నచూపు చూడడం మనలో లేదని చెప్పగలమా? ఒకడు తన చేతుల కష్టంతో సంపాదించి తిన్న అన్నం కంటే మేలైనది లేదనీ, దావూద్ ప్రవక్త (అ) చేతిపని చేసుకొని తిన్నారనీ దైవప్రవక్త (స) బోధించారు. ఆయన తన చిరిగిన బట్టను తానే కుట్టుకున్నారు. ఆ బోధను పిల్లలకు వల్లె వేయించిన మేమే మా నాయన చేతులను దాచిపెట్టాము.

ఆ రాత్రి మాలో మాటలు సాగలేదు.

మర్నాడు ధర్మవరం చేరాము. ఈ పట్టణం పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. వీధి మలుపు తిరిగితే చాలు, మగ్గం చప్పుడు. మాకు నేర్పిన దంపతుల ఇంట్లో గుంట మగ్గం నట్టింటిలోనే ఉన్నది. ఆయన గుంటలో కాళ్లు పెట్టి నాడె ఆడిస్తుంటే, ఆమె రాట్నం తిప్పి కండెలు చుడుతున్నది. పైన జకార్డు అట్టలు ఒక్కొక్కటిగా దిగుతుంటే అంచున పువ్వు లేస్తున్నది. పడుగు ముగిసినప్పుడు కొత్త పడుగులోని వేల పోగులను పాతవాటితో ఒక్కొక్కటిగా అతకాలి. మా అమ్మాయి ఒక పూట కూర్చొని అతికినవి వేళ్లపై లెక్కించదగినన్ని మాత్రమే.

ఆ ఇంటి కష్టమూ విన్నాము. పట్టు, జరీ షావుకారు ఇస్తాడు, వీరికి దక్కేది కూలి. పనితనం ఎక్కువగా ఉన్న చీరకు వారాలు పడుతుంది. అదే నమూనాను మరమగ్గంపై నేసి తక్కువ ధరకు అమ్ముతారు. కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చినా ఆ పోటీ ఆగలేదు. అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్న నేతన్నల వార్తలు ఈ ఊరి నుండి ఎన్నోసార్లు వచ్చాయి. "మా పిల్లోడు మగ్గమెక్కనంటాడు. ఎట్ల ఎక్కమందును?" అన్నాడాయన.

నాలుగవ రోజు మా అమ్మాయి చేతిలో ఒక పోగు తెగింది. ఆమె చూడనట్లే పలక లాగబోయింది. ఆ ఇల్లాలు చేయి పట్టుకొని ఆపింది.

"తెగిన పోగు దాచి నేస్తే, రేపు బట్టే చెప్తాదమ్మా. ఇప్పుడే అతుకు."

ఇషా నమాజు తరువాత మేము ముగ్గురం కూర్చున్నాము. అన్‌నహ్ల్ సూరాలో, చేసిన ప్రమాణాలను నెరవేర్చమన్న ఆదేశం వెంటనే, గట్టిగా వడికిన నూలును తన చేతులతోనే పీలికలు చేసుకున్న స్త్రీ ఉపమానం ఉన్నది. నాయనకు ఇచ్చిన మాటను మేము చేసినది అదే. మరొక అబద్ధం పునాదిగా పిల్ల కాపురాన్ని నిలబెట్టబోతున్నాము. తమ్ముడే ఫోను అందుకున్నాడు. "మా నాయన వ్యాపారి కాడండీ. దూదేకేవాడు. ముందే చెప్పనందుకు మన్నించండి" అన్నాడు.

అవతల పెద్దావిడ కొంతసేపు మాట్లాడలేదు. పిదప, "ఈ మాట మొదటే చెప్పి ఉండవలసింది. ఇంట్లో అందరమూ ఆలోచించుకొని చెబుతాము" అన్నది.

ఇది రాసే నాటికి వారి జవాబు రాలేదు. మా అమ్మాయికి ఆ దిగులు మాకంటే తక్కువే. తిరుగుప్రయాణంలో పెనుకొండలో మళ్లీ ఆగుదామన్నది. ముసలాయన మనుమలు ఎవరూ విల్లు ముట్టరట. ఆయన మాకు ఒక పాత విల్లు ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. రైలులో దానిని నిలువుగా పెట్టి తెచ్చుకున్నాము. చూసినవారల్లా అదేమిటని అడిగారు. అడిగిన ప్రతివారికీ మా అమ్మాయే జవాబు చెప్పింది. ఇప్పుడది మా ఇంటి వసారాలో, వచ్చినవారికి మొదట కనిపించే చోట ఉన్నది.