గది గాలి నుండి మొదలయ్యే వైద్యం

హిజ్రీ నాల్గవ శతాబ్దంలో బగ్దాదు వాసి ఇబ్నె నదీమ్ తన 'అల్ ఫిహ్రిస్త్' గ్రంథంలో ఒక ముచ్చట నమోదు చేశారు. చైనా నుండి ఒక పండితుడు ప్రఖ్యాత వైద్యులు అబూబక్ర్ రాజీ వద్దకు వచ్చి సుమారు ఏడాది ఉన్నాడట. ఐదు నెలల్లో అరబీ మాట్లాడటం, రాయడం నేర్చాడట. తిరిగి వెళ్ళే ముందు జాలీనూస్ వైద్య గ్రంథాలు పదహారింటిని చదివించుకుని, తన సంక్షిప్త లిపిలో రాసుకుని పట్టుకుపోయాడట. క్రీ.శ. 1313 ప్రాంతంలో ఇరాన్‌లోని తబ్రీజ్‌లో వజీరు రషీదుద్దీన్ చైనా వైద్యాన్ని ఫారసీలోకి అనువదింపజేశారు. దాని పేరు 'తన్‌సూఖ్‌నామా'. యునానీకీ, చైనా వైద్యానికీ మధ్య రాకపోకలు ఇంత పాతవి.

ఈ సంగతులు నాకు గుర్తుకు రావడానికి కారణం మా బంధువుల అబ్బాయి. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చదువుతూ ఎస్.ఆర్. నగర్‌లో హాస్టల్‌లో ఉంటున్నాడు. వానలు వెనుకబడి చలిగాలి తిరిగిందంటే చాలు, వాడికి రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు. ఎవరో చెబితే ఆన్‌లైన్‌లో ఒక చైనా మూలికల పొట్లం తెప్పించుకున్నాడు. "మామూ, ఇది మనం వాడవచ్చా?" అని నా దగ్గరకు తెచ్చాడు. వాడు అడిగింది హలాలా, హరామా అని. నేను ముందు అందులో ఏముందని అడిగాను. పొట్లం మీద ఉన్నవన్నీ చైనా అక్షరాలే.

చైనా వైద్యులు జలుబుకు, ఆయాసానికి వాడే మూలికలలో 'మా హువాంగ్' ముఖ్యమైనది. దాని నుండి ఎఫిడ్రిన్ అనే పదార్థాన్ని జపాన్ శాస్త్రవేత్త నగాయ్ 1885లో వేరుచేశారు. అది ఊపిరితిత్తుల నాళాలను విప్పే మాట నిజమే; గుండె వేగాన్ని, రక్తపోటును పెంచే మాటా నిజమే. ఆ మూలిక కలిసిన ఆహార పూరకాలను అమెరికా ప్రభుత్వం 2004లో నిషేధించింది. ఏముందో చదవలేని పొట్లాన్ని ఆయాసపడే పిల్లవాడి చేత ఎలా తాగిస్తాం? దాన్ని నా దగ్గరే ఉంచుకుని, వాణ్ణి వెంటబెట్టుకుని ఎర్రగడ్డ వెళ్ళాను.

ఎస్.ఆర్. నగర్ తరువాతి మెట్రో స్టేషన్ ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి. ఆ ఆసుపత్రి ఎదుటి వైపున, చర్మవ్యాధుల చికిత్సకు, ముఖ్యంగా బొల్లి వైద్యానికి పేరుపొందిన కేంద్ర ప్రభుత్వ యునానీ పరిశోధనా సంస్థ ఉంది. ఆ పక్కన నాకు పరిచయమున్న ఒక హకీం సాహెబ్ వద్దకు వెళ్ళాం. ఆయన నబ్జ్ చూశారు, నాలుక చూశారు. ఆ తరువాత అడిగిన ప్రశ్నలలో మందు ప్రసక్తే లేదు. గదిలో ఎందరు పడుకుంటారు? కిటికీ తెరుస్తారా? తడి బట్టలు ఎక్కడ ఆరేస్తారు? దోమల చక్రం వెలిగిస్తారా? రాత్రి ఎన్నింటికి తింటావు?

యునానీలో 'అస్బాబె సిత్తా జరూరియా' అని ఆరు ఆవశ్యక కారణాలున్నాయి. వాటిలో మొదటిది గాలి. ఆ తరువాతే అన్నపానీయాలు, శరీరపు కదలిక - విశ్రాంతి, మనసు కదలిక - విశ్రాంతి, నిద్ర - మెలకువ, విసర్జన - నిలుపుదల. మేము కంఠస్థం చేసిన వరుస ఇది. ఆ అబ్బాయి గదిలో ఆరుగురు. కిటికీకి అట్ట అడ్డం. మంచం పక్కనే తాడు మీద తడి బట్టలు. తెల్లవార్లూ దోమల చక్రం పొగ.

హకీం సాహెబ్ గొంతు కోసం ఉన్నాబ్, అతిమధురం, బనఫ్షాలతో జోషాందా రాశారు. (ఎండిన రేగుపండు, అతిమధురం చైనా కషాయాల్లోనూ నిత్యం ఉండేవే.) "ఇది గొంతు వరకే. ఊపిరి సంగతి అక్కడ చూపించండి" అని ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి పంపారు. గొట్టంలోకి ఊది చూసే పరీక్షలో ఉబ్బసమని తేలింది. ఇన్‌హేలర్ ఇచ్చారు. మన ఇళ్ళలో ఇన్‌హేలర్ అంటే 'ఇక జీవితాంతం బానిసలమే' అన్న భయం ఉంది. నిజానికి అది కొద్దిపాటి మందును నేరుగా శ్వాసనాళాలకు చేరుస్తుంది. ప్రమాదమంతా, కాస్త నెమ్మదించగానే వైద్యుణ్ణి అడగకుండా మానివేయడంలోనే ఉంది. తన పరిధి ఎక్కడ ముగుస్తుందో తెలిసిన హకీం మీద నాకు గౌరవం ఎక్కువ.

చైనా వైద్యం శరత్తును పొడి కాలమనీ, ఊపిరితిత్తుల కాలమనీ అంటుంది. మన యునానీ గ్రంథాలు శరత్తును శీతల-శుష్కమనీ, చలికాలాన్ని శీతల-ఆర్ద్రమనీ వర్ణిస్తాయి. హైదరాబాదు చలికాలంలో తడి ఎక్కడిది? పెదవులు పగులుతాయి, మడమలు చీలుతాయి. మనకు డిసెంబరు కూడా వారి శరత్తే అనిపిస్తుంది. చలికాలంలో త్వరగా పడుకుని, సూర్యుడు వచ్చాక లేవమని చైనా ప్రాచీనుల సలహా. రెండవ సగం మనకు కుదరదు. సూర్యోదయం ఆరున్నర దాటాకే గాని ఫజర్ అంతవరకు ఆగదు. మొదటి సగం మాత్రం మన సున్నతే. ఇషా తరువాత కబుర్లతో కాలక్షేపం దైవప్రవక్త (స)కు ఇష్టం ఉండేది కాదు. వుజూకు నీళ్ళు కాచుకోవడంలో తప్పేమీ లేదు, ముఖ్యంగా వృద్ధులకు.

తల్లులకు మరికొన్ని మాటలు. హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో మొదలుపెట్టిన జిందా తిలిస్మాత్ లేని ముస్లిం ఇల్లు ఈ నగరంలో అరుదు. పెద్దల సంగతి సరే. కర్పూరం, నీలగిరి తైలం కలిసిన ఏ మందునూ పసికందుల ముక్కు దగ్గర పూయకండి, ఊపిరి ఆడక ఇబ్బంది పడతారు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకండి. రక్తపోటు ఉన్నవారు అతిమధురం కషాయాన్ని రోజుల తరబడి తాగరాదు. అది రక్తపోటును పెంచుతుంది. రొమ్ములు ఎగరేస్తూ ఆయాసపడే బిడ్డకు కషాయం కాస్తూ కూర్చోక, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

హాస్టల్ యజమానిని అడగడానికి నేనే వెళ్ళాను. మొదట విసుక్కున్నాడు. "మీ ఇంట్లో పిల్లలున్నారా, బాబూ?" అన్నాను. అట్ట తీయించాడు, తడి బట్టలు మేడ మీదికి పంపాడు, అబ్బాయి మంచం కిటికీ వైపు జరిపించాడు. దోమల చక్రం బదులు ఆరుగురూ తలా కొంత వేసుకుని దోమతెరలు కొనుక్కున్నారు.