నీటి మీద కాపురం

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. పడవ కొని కాపురం పెట్టి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. వారికి ఆ అవసరం రాలేదు కాబోలు. మా ఇంటికి పోయిన ఏడు వచ్చిపడింది.

మా అక్కయ్య కొడుకు ఇంగ్లండులో సౌతాంప్టన్ రేవుపట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు. పెళ్ళయి రెండేళ్ళు. జీతంలో సగం ఇంటి అద్దెకే పోతోందట. పాత తెరచాప పడవ కొనుక్కుని, అందులోనే వంటా పడకా పెట్టుకుని కాపురముండేవాళ్ళు అక్కడ ఉన్నారు. తానూ ఒక పడవ చూశాననీ, తండ్రి పోయాక తన వాటాకు వచ్చిన డబ్బు అందుకు కావాలనీ తల్లికి కబురు చేశాడు. అక్కయ్య ఆ పూట అన్నం ముట్టలేదు. "మన యానాంలో పడవ మీద బతికినవాళ్ళు గోదావరి ఒడ్డున రెండు సెంట్ల జాగా దొరికితే చాలునని మొక్కుకునేవాళ్ళు. వీడు జాగా వదిలి పడవెక్కుతాడట! నువ్వైనా బుద్ధి చెప్పరా తమ్ముడూ" అంది.

బుద్ధి చెప్పాలంటే ముందు సంగతి తెలియాలి. ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో కాగితాలు చదవడమే నా పని. "ఆ పడవ తాలూకు కాగితాలన్నీ పంపరా" అని మేనల్లుడికి రాశాను. పంపాడు. పదిహేను సాయంకాలాలు వాటితోనే గడిచాయి. పిల్లలు దేశాలు పట్టి వెళ్ళిన ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి గనుక, నాకు బోధపడింది నలుగురికీ చెబుతున్నాను.

ఆ పడవ 34 అడుగుల పొడవు. 1979లో కట్టింది. కొయ్య కాదు, ఫైబర్ గ్లాసు. అడిగిన ధర 22,000 పౌన్లు. అక్కడ తెలివైనవాడు పాత పడవ కొనేముందు దాన్ని నీళ్ళలోంచి పైకెత్తించి సర్వేయరుకు చూపిస్తాడు. మన కొయ్యపడవకు పలకల సందుల్లో నూలు దూర్చి గుగ్గిలం పూసినట్టు దీనికి అక్కరలేదు. కాని ఏళ్ళ తరబడి నీళ్ళలో ఉంటే ఇదీ తేమ తాగి పొక్కులు పోస్తుంది. పైతట్టులో రెండు పొరల నడుమ తేలిక కొయ్య పెడతారు. మరల సందుల్లోంచి వాననీరు దిగితే ఆ కొయ్య లోలోపల మెత్తబడుతుంది. పైకి ఏమీ కనబడదు. సర్వేయరు చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతాడు. గట్టిచోట ఖంగుమంటుంది, చెడినచోట బొదబొదమంటుంది. మనం కొబ్బరికాయ బేరం చేసినట్టే!

నీటిమట్టానికి దిగువన పడవకు కొన్ని కన్నాలుంటాయి. వాటికి బిరడాలున్నాయి. ఒక్కటి విరిగినా పడవ మునుగుతుంది. తెరచాప కొయ్యను నిలబెట్టే ఉక్కుతీగలు పదేళ్ళు దాటితే మార్చమని బీమా కంపెనీలు తరచు పట్టుబడతాయి. వంటగ్యాసు సంగతి మరీ భయం. అది గాలికన్న బరువు. ఇంట్లో లీకయితే తలుపులు తీస్తాం. పడవలో అది అడుగుకు దిగి అక్కడే కూర్చుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

మావాడు చూసిన పడవలో రెండు బిరడాలు బిగుసుకుపోయాయి, కొయ్య మొదట్లో తట్టు మెత్తబడింది, తీగల వయస్సు ఎవరికీ తెలియదు. మరమ్మతుకు 9,000 పౌన్లని అంచనా.

ఇక నా కళ్ళు సహజంగా దస్తావేజుల మీదికి పోయాయి. ఇంగ్లండులో చిన్న పడవలకు వేరే రిజిస్టరు ఉంది. అందులో పేరున్నంత మాత్రాన పడవ మనదని రుజువు కాదు. పడవ మీద అప్పుంటే అందులో కనబడదు. మనం స్థలం కొనేముందు లింకు డాక్యుమెంట్లు చూసి, ఈసీ తీయించినట్టే, అక్కడా చేతులు మారిన అమ్మకపు పత్రాలన్నీ వరసగా చూసుకోవాలి.

అన్నిటికన్న పెద్ద చిక్కు పడవను ఎక్కడ కట్టాలన్నది. చాలా రేవుల్లో పడవ ఉంచుకోనిస్తారు గాని ఏడాది పొడుగునా అందులో కాపురముండనివ్వరు. ఉండనిచ్చే చోట్లు తక్కువ. అద్దె సాధారణంగా పడవ పొడుగును బట్టి. నేల అద్దె తప్పిందనుకుంటే నీటి అద్దె వచ్చిందన్నమాట. పైగా ఏటా పైకెత్తించి, అడుగున పట్టిన నత్తగుల్లలు గీకి, రంగు వెయ్యాలి. ఉప్పునీరు మంచి లోహాన్ని తినకుండా జింకు ముక్కలు కట్టి, వాటిని దానికి ఆహారంగా వెయ్యాలి.

ఇవన్నీ రాస్తే మావాడు స్లోకం కథ చెప్పాడు. జాషువా స్లోకం అనే కప్తాను పని లేక ఉన్నప్పుడు, 1892లో, ఒక స్నేహితుడు ఓడ ఇస్తానన్నాడు. తీరా మసాచుసెట్స్‌లోని ఫెయిర్‌హేవెన్ వెళ్ళి చూస్తే, బీడుభూమిలో దుంగల ఆసరాతో నిలబెట్టిన ముసలి పడవ! పేరు 'స్ప్రే', పొడుగు 36 అడుగుల 9 అంగుళాలు. దాన్నే బాగుచేసి 1895 ఏప్రిల్ 24న బోస్టన్‌లో తెరచాప ఎత్తి, ఒంటరిగా భూమి చుట్టివచ్చి 1898 జూన్ 27న న్యూపోర్టు చేరాడు. అలా చుట్టిన మొదటివాడు ఆయనే.

"నీ కథ బాగుంది, లెక్క కూడా చూడు" అని జవాబు రాశాను. పడవ ధర సున్న. సామాన్లకు 553 డాలర్ల 62 సెంట్లు. చేతిపని 13 నెలలు. ఆయన ఓడలు కట్టడం తెలిసినవాడు. "నీకు ఏడాదికి సెలవులెన్నిరా?" అని అడిగాను.

వద్దని మాత్రం అనలేదు. మూడు షరతులు పెట్టాను. ఉన్న డబ్బులో మూడోవంతు మరమ్మతుకని ముట్టకుండా ఉంచాలి. కాపురముండవచ్చని రేవువారి కాగితం చేతికి వచ్చాకే పడవ కొనాలి. మూడోది, అమ్మాయి మాట అమ్మాయి నోటనే నాకు వినిపించాలి. అదీ వేసవిలో షికారు చేసి కాదు, జనవరి చలిలో ఏడు రాత్రులు పడవలో పడుకున్న తరువాత.

ఎవరిదో పడవ అద్దెకు తీసుకుని ఆ ఏడు రాత్రులూ ఉన్నారు. ఎనిమిదోనాడు అమ్మాయి ఫోను చేసింది. "నిద్ర బాగానే పట్టింది మావయ్యగారూ. బట్టలే ఆరలేదు. పొద్దున్నే గోడలకు చెమటపట్టి పరుపు అంచులు తడిసిపోతున్నాయి. వేడీ, తేమా చూసుకుంటే ఉండగలను. ఆ పెద్ద పడవ మాత్రం వద్దని చెప్పండి, ఆయన ఆదివారాలన్నీ అది తినేస్తుంది" అంది.

ఆ మాట విన్నాక నాకు ధైర్యం కలిగింది. మోజుపడినవాడు పడవ పొడుగు చూస్తాడు. ఇల్లు నడిపే మనిషి పరుపు అంచు చూసింది.

మొదటి పడవను వదులుకున్నారు. ఏప్రిల్లో 31 అడుగులది, తట్టు గట్టిగా ఉన్నది, 14,000 పౌన్లకు కొన్నారు. రేవువారి కాగితం నకలు నా దగ్గర ఉంది. మొదటి నెల ఖర్చుల పట్టీ అమ్మాయి పంపింది. అందులో తెరచాప లేదు, తాళ్ళు లేవు. మొదటి పద్దు గాలిలో తేమ లాగే యంత్రం, రెండోది గ్యాసు లీకయితే మోగే గంట.

అక్కయ్య ఇంకా దాన్ని ఇల్లు అనడం లేదు. "పిల్లలున్నచోటు" అంటోంది. వాన పడ్డప్పుడల్లా అక్కడా పడుతోందేమో కనుక్కోమంటోంది.