పులిగడ్డ దిగువన

సంక్రాంతి వెళ్ళాక విజయవాడ నుంచి కరకట్ట మీదుగా అవనిగడ్డ బయల్దేరాను. ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ దించేసి ఉన్నాయి. ఎగువన నిండా నీళ్ళు. దిగువన ఇసుక, అక్కడక్కడ మడుగులు, వాటిలో గేదెలు. 2024 సెప్టెంబరులో ఇదే చోట 11.43 లక్షల క్యూసెక్కులు దూకాయంటే కొత్తవాళ్ళు నమ్మరు.

1855లో ఆనకట్ట కట్టినా, 1957 నాటికి దాని చోట బ్యారేజీ లేచినా పొలాల కోసమే. దారి పొడవునా అరటి, పసుపు, కంద. వరి కోసిన చేలల్లో మినుము. మూడుపూటలా అన్నం తినేవాణ్ణి, ఈ పచ్చదనాన్ని తప్పుపట్టలేను.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై దివిసీమను చుట్టుకుంటుంది. ఇక్కడ అక్విడెక్టు మీదుగా కాలువ నది పాయను దాటుతుంది. పైన సాగుకీ తాగడానికీ నీళ్ళు, కింద నది.

కోడూరు దాటాక మినుము చేను గట్టున ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. “బాబాయ్, బోరు లేదా?” అన్నాను.

“ఎందుకు లేదండీ, ఉప్పునీళ్ళే. శివారోళ్ళం, కాలవ నీళ్ళు మాదాకా వచ్చేసరికి నాట్ల అదును పోద్ది.”

“మరి నదిలోకి కాసిని వదలమంటే ఒప్పుకుంటారా?”

“ముందు మా చేను తడవనీయండి.” కాసేపాగి తనే అన్నాడు: “నది ఎండితే ఉప్పెక్కేదీ మా బోరేగా.”

నేను చదివిన నివేదికలేవీ ఇంత సూటిగా చెప్పలేదు.

హంసలదీవి దగ్గర మడ అడవి. ఒక ఆకు తెంపి నాలుకకి ఆనిస్తే ఉప్పగా ఉంది. వేళ్ళు పీల్చిన ఉప్పుని మడ చెట్టు ఆకుల మీదుగా బయటికి నెట్టేస్తుంది. అంత మొండి చెట్టుకీ ఏటా కొంత తీపినీరు, కొత్త ఒండ్రు కావాలి. ఆ ఒండ్రు శ్రీశైలం, సాగర్ జలాశయాల్లోనే చాలావరకు దిగిపోతోంది.

వరద ఏడాదిలో వందల టీఎంసీలు సముద్రంలోకి పోతున్నాయిగా, ఇంకేం కావాలంటారు కొందరు. చిక్కంతా ఆ ఏడాది మొత్తం లెక్కలోనే ఉంది. కృష్ణా జలాల వివాదం విచారించిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2010లో నదిలో కనీస ప్రవాహానికని 16 టీఎంసీలు కేటాయించింది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వంతు 6. 2024 వరద ఉధృతిలో 6 టీఎంసీలు గంటన్నరలో బ్యారేజీ దాటేశాయి. అవే నీళ్ళు ఎనిమిది నెలలకు సర్దితే 300 క్యూసెక్కులైనా రావు. నది నోటికి కావలసింది గంటన్నర ఉప్పెన కాదు, ఎండాకాలంలో ఆగని ధార.

ఆ తీర్పు గెజిట్‌కెక్కకుండా 2011లో సుప్రీంకోర్టు ఆపింది. వివాదం తేలేదాకా నది ఎందుకు ఎదురుచూడాలి? ఖరీఫ్‌కి నీటి ప్రణాళిక వేసే ఇంజనీర్లకు నా మనవి ఒకటే: సాగు, తాగు పద్దుల పక్కన కృష్ణకీ నెలవారీ పద్దు ఒకటి రాయండి. 300 క్యూసెక్కులతో మొదలుపెట్టినా సరే.