బదరీ వృక్షం కింద నిద్ర



మిర్చి రేటు పడిపోయిన ఏడాది మన సంఘంలో ఒక సహోదరి ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చింది. "అయ్యగారూ, రాత్రిళ్ళు గుండె దడదడలాడుతోంది. అన్నం సయించట్లేదు, నిద్ర పట్టట్లేదు" అంది. "విశ్వాసం చాలట్లేదమ్మా, ఇంకా ప్రార్థించు" అని పంపేశాను. ఆమె తల వంచుకుని వెళ్ళిపోయింది.

మరుసటి వేసవిలో నా వంతు వచ్చింది. మందిరం స్లాబుకు తెచ్చిన అప్పు, వరసగా మూడు సమాధి కార్యక్రమాలు. ఒక రాత్రి ఫోను మోగితే చేతులు వణికాయి, నోరెండిపోయింది. గుండె ఆగిపోతుందనుకున్నాను. మోకరించి ప్రార్థించినా ఆ దడ తగ్గలేదు.

డాక్టరుగారు ఈసీజీ తీసి, గుండె బాగానే ఉందని చెప్పి, ఓపికగా వివరించారు. భయం వేస్తే కిడ్నీల మీదుండే చిన్న గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయట. గుండె వేగం పెరుగుతుంది, కండరాలకు రక్తం ఎక్కువగా పోతుంది, అరుగుదల మందగిస్తుంది. పాము కనబడితే పరుగెత్తడానికి అది అవసరమే. కానీ అప్పు పాములా పొదల్లోకి పోదు, మంచం పక్కనే ఉంటుంది. అందుకే ఒళ్ళు రాత్రంతా పరుగుకు సిద్ధంగా ఉంటుంది.

దాన్ని నెమ్మదింపజేసే నరం కూడా ఉంది. పేరు వేగస్. మెదడు అడుగు నుంచి గుండెకు, పొట్టకు దిగుతుంది. ఊపిరి వదిలేటప్పుడు దాని పట్టు పెరిగి గుండె కాస్త నిదానిస్తుంది. అందుకని నెమ్మదిగా పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలమన్నారు.

ఇంటికొచ్చి 1 రాజులు 19వ అధ్యాయం తెరిచాను. యెజెబెలుకు భయపడి పారిపోయి, బదరీ వృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. పడుకోనిచ్చాడు. దూతను పంపి లేపి, అప్పం, నీళ్ళు ఇచ్చాడు. మళ్ళీ పడుకోనిచ్చాడు, మళ్ళీ తినమన్నాడు. హోరేబులో మాట్లాడింది ఆ తర్వాతే. కర్మెలు మీద ప్రార్థనతో అగ్ని దింపిన ప్రవక్తకు విశ్వాసం చాలలేదందామా?

ఆ సాయంత్రమే ఆ సహోదరి ఇంటికి వెళ్ళి, "ఆ రోజు తప్పు మాట్లాడానమ్మా, క్షమించు" అన్నాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అన్నం తిన్నారా అయ్యగారూ?" అని అడిగి కంచం పెట్టింది.

ప్రియులారా, మీలో ఎవరికైనా ఇలా ఉంటే దాచుకోకండి. కలిసి ప్రార్థిద్దాం. ఆసుపత్రికి కూడా నేను తోడొస్తాను. ప్రభువు మీకు నెమ్మది దయచేయును గాక. ఆమెన్.